నీలం చొక్కానా, తెల్ల చొక్కానా

గోడౌను కాలిపోయిందని ఇన్సూరెన్సు కంపెనీకి కబురొస్తే, అది తనంతట తాను కాలిందా, ఎవరైనా కాల్చారా అని తేల్చడం నా పని. ఈ పని చేసీ చేసీ ఎవరేం చెప్పినా కళ్ళు చిట్లించి చూడడం అలవాటైపోయింది. కూర బాగా కుదిరిందన్నా "ఎవరు చెప్పారు?" అంటానని మా అక్క ఫిర్యాదు. మేనకోడలైతే నాకు అనుమానాల మావయ్య అని పేరే పెట్టేసింది. నేను దాన్ని పిడుగు అంటాను. కాలేజీలో చరిత్ర చదువుతోంది, అడిగిందానికి జవాబు దొరికేదాకా ప్రాణం తీస్తుంది.

అక్కా బావా చర్చికి వెళ్ళే మనుషులు. నేను వాళ్ళని చర్చి గేటు దగ్గర దింపి, కారులో కూర్చుని పేపరు చదువుకునే రకాన్ని. బావ ఒక్కనాడూ నన్ను లోపలికి లాగలేదు. "సాక్ష్యాలన్నీ చూసుకునే రావోయ్, తొందరేం లేదు" అని నవ్వేవాడు. తొందర ఆయనకే వచ్చింది. పోయినేడాది ఒక పొద్దున ఆఫీసుకి తయారై, గుమ్మం దాకా వచ్చి కూలబడిపోయాడు. ఆ పొద్దుటి సంగతి ఆ తర్వాత మా ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు.

ఈమధ్య ఒకరోజు అక్క మా ఆఫీసుకే వచ్చేసింది.

"పిడుగు బాప్తిస్మం తీసుకోనంటోందిరా. పాస్టరుగారితో మాట్లాడేశాం, అందరికీ చెప్పేశాం."

"ఎందుకట?"

"నీ మూలానే! పరలోకంలో మీ నాన్నని మళ్ళీ చూస్తావమ్మా అని అందరూ దాంతో అంటున్నారు కదా. యేసు చనిపోయి మళ్ళీ లేచాడన్నది నిజమైతేనే కదా అదీ నిజం, అది తేలకుండా నీళ్ళలోకి దిగనంటోంది. మావయ్య చూసి చెప్పాలట."

"నేనేం చెప్పను?"

"నిజమేనని చెప్పు. నీ సొమ్మేం పోతుంది?"

"అక్కా, దొంగ రిపోర్టు రాయడం నా చేత కాదు."

అక్క నా మొహంలోకి చూసింది. "కాలిపోయిన కొంపలు చూసి చూసి నా కొంపకి నిప్పు పెట్టకురా" అంది. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అంది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం, నేనూ పిడుగూ. అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. చెవులు మాత్రం ఇక్కడే పారేసింది.

ముందు మా పద్ధతి చెప్పాను. సాక్షి తన పరువు పోయే మాట చెబితే దానికి విలువెక్కువ. అందరూ తు.చ. తప్పకుండా ఒకే మాట చెబితే మాత్రం, ముందే కూడబలుక్కుని వచ్చారని అర్థం.

"అయితే పరువు పోయేవి బోలెడున్నాయి" అంది పిడుగు. "ఆయన్ని పట్టుకుంటే శిష్యులంతా పారిపోయారు. వాళ్ళలో పెద్దవాడు ఆయనెవరో నాకు తెలీదన్నాడు. ముందుగా సమాధి దగ్గరికి వెళ్ళి అది ఖాళీగా ఉందని చూసింది ఆడవాళ్ళు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ సాక్ష్యానికి పెద్ద విలువ లేదు. కథ అల్లేవాళ్ళు అలా ఎందుకు అల్లుతారు?"

"బాగుంది. అది లెక్కలో వేసుకో."

"ఆయన సొంత తమ్ముడు కూడా మొదట్లో నమ్మలేదు. అచ్చం నీలాగే."

"తమ్ముళ్ళంతా అంతే. తర్వాత?"

దాని మొహం వాడిపోయింది. "తర్వాతే వస్తోంది చిక్కు. వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమందో, ఆయన కథ రాసిన నాలుగు సువార్తల్లో తలో మాటా ఉంది. ఒకచోట ఒక్కరే, ఒకచోట ఇద్దరు, ఇంకోచోట ముగ్గురు. అక్కడ కనిపించిన దేవదూతలు ఒకరా, ఇద్దరా? చీకటితో వెళ్ళారా, తెల్లారాకా? ఏదీ కలవట్లేదు మావయ్యా. అంతా కట్టుకథేనేమో."

నేను దాన్ని ఊరడిద్దామన్న తొందరలో నోరు జారాను. "ఓసి పిచ్చిదానా, అలాగైతే మీ నాన్న పోయిన పొద్దునే తీసుకో. నీలం చొక్కా వేసుకుని..."

నాలుక కరుచుకున్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నీలం కాదు" అంది పిడుగు, బల్లకేసి చూస్తూ. "గళ్ళ చొక్కా."

"తెల్లది." అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతులనిండా సబ్బునురగ. "నేనే ఇస్త్రీ చేశాను. తెల్లది."

"నేను వచ్చేసరికి నీలమేనక్కా, నా కళ్ళతో..."

"నీ కళ్ళకేం తెలుసురా! కాలర్ దగ్గర మరక పోలేదని నేను ఎంత సేపు రుద్దానో!"

"అమ్మా, అది అంతకుముందు రోజు. ఆ పొద్దున నాన్న నా జడ చూసి, ఇదేం జడే, తాడు పేనావా అన్నాడు. అప్పుడు గళ్ళ చొక్కా."

"నన్ను మంచినీళ్ళు అడిగాడు, అదే ఆఖరి మాట" అంది అక్క.

"నాకు ఫోన్ చేసి ఆదివారం వచ్చి ఫ్యాను బాగుచెయ్యవోయ్ అన్నాడు" అన్నాను నేను. "నాకదే ఆఖరి మాట."

తల పైకెత్తి చూశాను. ఆ ఫ్యాను ఇంకా కిర్రుకిర్రుమంటూనే తిరుగుతోంది. అక్క కూడా చూసింది. ముందు ఎవరు నవ్వారో తెలీదు కానీ ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు అలాగే ఏడుపులోకి దిగింది. అక్క సబ్బుచేతులతోనే కళ్ళు తుడుచుకుని, మండి, మళ్ళీ నవ్వింది. ఏడాదిగా మా గొంతుల్లో ఇరుక్కుపోయిన మనిషి ఆ మధ్యాహ్నం మళ్ళీ మాటల్లోకి వచ్చాడు.

కాసేపటికి పిడుగు ముక్కు తుడుచుకుంది. "మూడు చొక్కాలయ్యాయి. కానీ నాన్న పోయింది నిజం."

"అదే నేను చెప్పబోయింది. కానీ తేడాలున్నంత మాత్రాన నిజమైపోదు కూడా. అబద్ధమనడానికి ఆ తేడాలు చాలవు, అంతే." రెండో వైపు చెప్పకపోతే పని సగమే అవుతుంది. "ఇవన్నీ రాసేసరికి ఏళ్ళు గడిచిపోయాయి. రాసినవాళ్ళంతా ఆయన పక్షంవాళ్ళే. అవతలివాళ్ళ వాంగ్మూలం మనకి లేదు. ఇంకోటి, ప్రాణంలో ప్రాణమైన మనిషి పోతే, ఆ బాధలో పోయినవాళ్ళు కళ్ళముందు కనబడతారు. అది లోకంలో ఉన్నదే."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు మీ బావ ఒక్కసారి కూడా కనబడలేదురా" అంది. "ఎంత కోరుకున్నానో నీకు తెలీదు. గేటు చప్పుడైతే చాలు, లేచి వెళ్ళేదాన్ని. కోరుకుంటే కనబడిపోతారా?"

ఒక్క మనిషి అనుభవంతో ఏదీ తేలదని నాకు తెలుసు. కానీ నా వాదనలో అంతసేపూ గట్టిగా ఉన్న కాలు ఒకటి అక్కడ వదులైంది. ఆ మాట దాచడం ధర్మం కాదు కాబట్టి చెబుతున్నాను.

"సరే, రిపోర్టు" అంది పిడుగు.

"ఆయన్ని సిలువ వేశారు, చనిపోయాడు. దాని మీద పెద్ద తగువు లేదు. పారిపోయినవాళ్ళు తిరిగొచ్చి, ఆయన్ని చూశామన్నారు. ఆ మాట తొందరగానే పుట్టింది. సువార్తలకంటే ముందే ఉత్తరాలు రాసిన పౌలు కూడా తనకంటే ముందువాళ్ళ దగ్గర విన్నదే రాశాడు. వాళ్ళు దొంగసాక్షుల్లా లేరు, నమ్మే చెప్పారు. ఇంతవరకూ నేను సంతకం పెడతాను. నిజంగా లేచాడా అన్నచోట నా కలం ఆగిపోతోంది. లేవలేదని కూడా రాయలేను."

అక్క తల దించుకుంది.

"ఇంకో మాట కూడా రాసుకో" అన్నాను. "మా వృత్తిలో సొంతవాళ్ళ క్లెయిము మేం చూడకూడదు. ఎందుకో నాకు ఇవాళ అర్థమైంది. నాకూ మీ నాన్నని మళ్ళీ చూడాలనుందే. ఇది నిజమైతే బాగుండునని ఉంది. కాబట్టి నా మాటని కాస్త తగ్గించి తీసుకో."

పిడుగు లేచొచ్చి నా మెడ చుట్టూ చేతులేసింది. "పరువు పోయే మాట చెప్పావు మావయ్యా. దీనికి విలువెక్కువ."

"వెక్కిరించకు."

"వెక్కిరింత కాదు. నువ్వు నిజమే, నిజమే అని ఊదరగొట్టి ఉంటే అమ్మ నేర్పించి పంపిందనుకునేదాన్ని. నువ్వు ఆగిన చోటు దాకా నీ మాట మీద నడుస్తాను. ఆ తర్వాతి అడుగు నాది. దిగుతానమ్మా."

అక్క లేచి వెళ్ళి నాకు టీ పెట్టింది. పంచదార రెండుసార్లు వేసింది.

వాళ్ళ చర్చిలో, నీళ్ళలోంచి వచ్చిన పిల్లకి తువ్వాలు కప్పేది తండ్రి. ఆ రోజు తువ్వాలు తెచ్చి అక్క నా చేతిలో పెట్టింది. కారు, పేపరు వదిలేసి మొదటిసారి లోపలికి వెళ్ళి, బాప్తిస్మమిచ్చే నీళ్ళతొట్టి అంచున నిలబడ్డాను. నమ్ముతున్నావా అని పాస్టరుగారు అడిగితే, పిడుగు ఒక్క క్షణం నావైపు చూసి, నమ్ముతున్నానంది. నీళ్ళలో మునిగింది. అది పైకి వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

ఇంటికొచ్చాక ఫ్యాను బాగుచేయడానికి స్టూలెక్కాను. కింద అక్క మురిసిపోతోంది. "చూశావట్రా, ఎలా నవ్వుతూ లేచిందో!"

"నవ్వడమేంటి? ఏడుస్తూ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను కదా."

"ఇద్దరికీ కళ్ళు పోయాయి" అంది పిడుగు తల తుడుచుకుంటూ. "ముక్కులోకి నీళ్ళెళ్ళి దగ్గుతూ లేచాను."

మళ్ళీ ముగ్గురివీ మూడు మాటలు. ఎవరూ ఒక్క మెట్టు దిగలేదు. కానీ పిల్ల నీళ్ళలోంచి లేచి వచ్చిందన్న సంగతి దగ్గర మాత్రం మాలో ఎవరికీ పేచీ లేదు.