చంపిందెవరో తెలియని అట్టముక్క

నేను ఒక శుభలేఖ ముక్కని. మూలన పసుపు, ఒక పక్క బంగారు రంగు అంచు, మధ్యలో "సకుటుంబ సపరివార సమేతంగా" వరకూ అచ్చయిన మాటలు. అక్కడ కత్తెర పడింది. ఎక్కడికి రమ్మన్నారో, వస్తే ఏం జరిగిందో నా మీద లేదు. పుట్టడమే కథ మధ్యలో తెగిపోయి పుట్టాను.

కత్తిరించింది వాసంతి. విజయనగరంలో కొత్త కాపురం. పంచగా మిగిలిన శుభలేఖల్లోంచి రెండు ముక్కలు తీసి ఒకటి తను ఉంచుకుంది, రెండోది భర్త లోకనాథ్ చేతిలో పెట్టింది. ఆ రెండోదాన్ని నేను. పుస్తకంలో ఎక్కడిదాకా చదివామో గుర్తు పెట్టుకోడానికి.

"ఈ ఏడాదంతా ప్రపంచం చుట్టొద్దామండీ" అంది. "నెలకో దేశం. తెలుగు అనువాదాలు మన లైబ్రరీలో బోలెడున్నాయి. ఆఖరి నెల మాత్రం ఏ దేశమూ కాదు. మాయలు, మంత్రాలు, డ్రాగన్లు."

"వీసా అక్కర్లేని హనీమూనన్నమాట" అన్నాడు లోకనాథ్.

ఆమె నవ్వింది. పెళ్ళిచూపుల్లో వాసంతి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: పుస్తకాలు చదువుతారా? అంతకుముందు వచ్చినవాళ్ళంతా "టైమెక్కడుందండీ" అన్నారు. ఇతనొక్కడే "ఓ, చదువుతాను" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె తాళి కట్టించుకుంది. ఆ మాట ఉత్తదైతే ఆ పెళ్ళిలో ఆమెకి మిగిలేదేమిటో మీరే ఆలోచించుకోండి.

పద్ధతి సులువు. మధ్యాహ్నం వాసంతి చదివి తన ముక్క పెడుతుంది. మర్నాడు పొద్దున్న, రైల్వే ఆఫీసుకి వెళ్ళేముందు, లోకనాథ్ అక్కడిదాకా చదివి నన్ను దాని పక్కన చేరుస్తాడు. భోజనాల దగ్గర కబుర్లు.

ఇక నా గోల వినండి. నాకు తెలిసేది నన్ను ఇరికించిన రెండు పేజీలే. మొదటి నెల రష్యా. మంచులో ఒక చిన్న రైల్వే స్టేషన్. స్టేషన్ మాస్టరు దీపం తగ్గించి అటు తిరిగాడు. కిటికీలోంచి ఎవరో తుపాకీ గురిపెట్టారు. మర్నాడు లోకనాథ్ నన్ను పైకి లాగి, ఆ తుపాకీ మీంచి ఎగరేసి, ఏకంగా శవపేటిక పక్కన దింపాడు! చంపిందెవరు? నాకు తెలీదు. పేటికలో ఉన్నది స్టేషన్ మాస్టరేనా? అదీ తెలీదు.

ప్రతి నెలా ఇదే వరస. ఆఫ్రికాలో ఒక ఊరివాళ్ళు నది మీద కేసు పెట్టారు. తీర్పు పేజీ నన్ను దాటిపోయింది. జపాన్‌లో ఒకావిడ తాళం వేసిన గది ముందు నిలబడింది. నేను మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆవిడ కూతురి పెళ్ళవుతోంది.

పోనీ భోజనాల దగ్గర విందామా? పుస్తకం బల్ల మీదే ఉండేది.

"ఆ మాస్టరు చేసింది తప్పంటారా?"

"నువ్వేమంటావ్?"

"నాకైతే జాలేసింది."

"నాకూ అంతే."

"ఏటండీ, అన్నీ నాచేతే చెప్పిస్తారు?"

"నీ నోట వింటే పుస్తకంలోకన్నా బాగుంటుంది మరి."

ఆమె మురిసిపోయి మొదలుపెట్టేది. సరిగ్గా హంతకుడి పేరు దగ్గరికొచ్చేసరికి మజ్జిగకని వంటింట్లోకి లేచేది. అతను వెనకే వెళ్ళేవాడు. మిగతా కథంతా అక్కడ, కుళాయి చప్పుడులో. బల్ల మీద నేను ఉడికిపోయేవాణ్ణి... ఉడికిపోయేదాన్ని. చిరాకులో నేనేమిటో కూడా మర్చిపోతుంటాను.

బద్ధకస్తుడు అనుకున్నాను. కానీ బద్ధకస్తుడు పొద్దున్నే అరగంట పుస్తకం పట్టుకుని కూర్చోడు కదా. ఇతను కూర్చునేవాడు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసేవాడు, ఒక పేజీ తిప్పేవాడు, నిట్టూర్చేవాడు. తర్వాత భార్య ముక్క వెతికి నన్ను పక్కన పడేసేవాడు.

ఆఖరి నెల వచ్చింది. ఎముకల కోట, కింద గుహ, గుహలో గుడ్డి డ్రాగన్. లైబ్రరీ వాళ్ళ పాత ప్రతి. బైండింగ్ చేసినవాడు మధ్యలో ఒక పేజీల కట్టని తలకిందులుగా కుట్టేశాడు. వాసంతి ఆ పేజీలొచ్చినప్పుడు పుస్తకాన్నే తిప్పి పట్టుకుని చదివేసింది.

ఆదివారం పొద్దున్న లోకనాథ్ వరండాలో కూర్చుని ఆ కట్ట దగ్గరే తెరిచాడు. అట్ట తిన్నగానే ఉంది. అక్షరాలు కాళ్ళు పైకెత్తి ఉన్నాయి. అతను గంభీరంగా తలాడిస్తున్నాడు. తిప్పవయ్యా, పుస్తకం తిప్పు! అరవడానికి నాకు నోరేదీ? కాఫీ గ్లాసుతో వాసంతి వెనక నిలబడింది.

"ఎక్కడిదాకా వచ్చారు?"

"డ్రాగన్ దగ్గరే. మంచి పట్టులో ఉంది, కదిలించకు."

"అర్థమవుతోందా?"

"భలే రాశాడు."

"తలకిందులుగా ఉంది కదండీ."

"ఏది, డ్రాగనా?"

"పేజీ."

అతను పేజీ వంక చూశాడు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు తెలుగు చదవడం రాదు, వాసంతీ."

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగాడు. ఇంట్లో తెలుగు మాట్లాడారు, బళ్ళో ఇంగ్లీషూ బెంగాలీ నేర్పారు. "చదువుతానన్నది అబద్ధం కాదు. తెలుగులోనా అని నువ్వడగలేదు" అన్నాడు.

"తెలుగువాడికి తెలుగొచ్చా అని అడగాలా?"

"నవ్వుతావని చెప్పలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ..."

"రాకపోతే నేర్పుదును. అది కాదు." ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "ఇద్దరం వెళ్ళామనుకున్నాను. ప్రపంచమంతా నేనొక్కదాన్నే తిరిగొచ్చానా?"

లోపలికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం చదవలేదు. మర్నాడూ చదవలేదు. భోజనాల దగ్గర కంచాల చప్పుడే.

మూడోనాడు పుస్తకం తెచ్చి అతని ముందు పెట్టింది. ఆమె ముక్క ఆఖరి అధ్యాయం ముందు ఆగి ఉంది. డ్రాగన్ నోట్లో ఒక చిన్నపిల్ల చెయ్యి పెట్టిన చోట.

"ఇక్కణ్ణించి నేను చదవను. మీరు చదివి నాకు చెప్పాలి."

"నేనా? ఎప్పటికి?"

"వచ్చినప్పుడే. గడువు సంగతి లైబ్రరీలో నేను మాట్లాడుకుంటాను."

నన్ను బయటికి లాగి, పక్కింటివాళ్ళ దగ్గర తెచ్చిన ఒకటో తరగతి వాచకంలో పెట్టింది.

ఇప్పుడు అందులోనే ఉన్నాను. బొమ్మలో ఉడుత తోకెత్తి కూర్చుంది. దానికి శత్రువుల్లేరు, రహస్యాల్లేవు, ఏ గదికీ తాళం వెయ్యదు. అవతల డ్రాగన్ నోరు మూసిందో లేదో ఎవరికీ తెలీదు. లోకనాథ్ వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు, చెమటలు పడుతున్నాయి. ఈసారి ఒక్క గీత కూడా వదలడంలేదు.

వంట మధ్యలో వాసంతి వచ్చి అతని భుజం మీంచి తొంగిచూస్తుంది. నాకన్నా ఆవిడకే ఆత్రం ఎక్కువగా ఉంది.

"ఇంకా ఉడుతేనా?"

"ఉడుతే."

"సరే. మళ్ళీ చదవండి" అంటూ అతని పక్కనే కూర్చుంటుంది.