కొంగు ఒక్కటే మిగిలింది

చంద్రమోహన్ సార్ ‘కుటుంబం’ అన్న మాటను ఊరికే అనడు. ఆ మాట అనేముందు ఆయన కళ్ళు మూసుకుంటాడు, చేతులు జోడిస్తాడు. మైసూరుపాకు ముక్క నోట్లో వేసుకున్నట్టు ఒక్కో అక్షరాన్నీ చప్పరిస్తూ పలుకుతాడు. విన్నవాళ్ళలో సగంమందికి కళ్ళు చెమ్మగిల్లుతాయి. నాకు మాత్రం లేచివెళ్ళి చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

ధర్మవరంలో ఆయన నడిపే సంస్థలో నేను కౌన్సెలర్‌ని. పేరు అరుణజ్యోతి. మొగుడూ పెళ్ళాల గొడవలు వినడం, సర్దగలిగితే సర్దడం, సర్దలేనప్పుడు ఆడమనిషిని మా ఆఫీసు వెనక గదిలో కొన్నాళ్ళు ఉంచి కాపాడటం నా పని. ఆ గదికి సార్ ‘ఆనంద నిలయం’ అని పేరు పెట్టి బోర్డు రాయించాడు. అది రేకుల గది. ఎండాకాలం మధ్యాహ్నం అందులో కూర్చుంటే ఆనందం మాట దేవుడెరుగు, ఊపిరి కూడా ఆడదు. అయినా ఊళ్ళో దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి తలదాచుకునే చోటు అదొక్కటే. ఆ ఒక్క కారణానికే నేను ఇన్నేళ్ళూ ఆయన మాటలు భరించాను.

పెళ్ళిళ్ళ సీజన్ ముందు, ఊళ్ళో ఏ మగ్గమూ ఖాళీగా ఉండని రోజుల్లో, అంజలి ఆ గదికి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. విప్పి చూపించమన్నాను. చూపుడు వేలూ నడిమి వేలూ ఉబ్బి నల్లబడ్డాయి. గోళ్ళ కింద రక్తం గడ్డకట్టింది.

“మగ్గంలో తగిలిందామ్మా?” అని అడిగాను.

“తగల్లేదు మేడం. తగిలించినాడు” అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు బల్ల మీద నా స్కేలు తీసుకుని చూపించింది. అంచు వేరే రంగులో వచ్చే పట్టుచీర నేయాలంటే గుంత మగ్గం దగ్గర ఇద్దరుండాలి. భర్త వీరేష్ గుంతలో కూర్చుని నేస్తాడు. ఆమె పక్కన చెక్క పలక మీద కూర్చుని, అవతలి అంచు రంగు పోగు చుట్టిన చిన్న కొయ్య నాడెను దారాల మధ్యకి వేస్తుంది. నాడె వేసి అంచు పోగు సరిచేయడానికి ఆమె వేళ్ళు లోపలికి పోతాయి. వేళ్ళు తీశాక అతను బరువైన కొయ్య దండెను తనవైపు లాగి పోగును బిగించి కొడతాడు. రోజంతా అదే పని.

“నామీద కోపమొచ్చిన దినం ఆయప్ప అరవడు మేడం. చెంప మీద కూడా కొట్టడు. నా వేళ్ళు లోపలికి పొయ్యేదాంక చూసి, అప్పుడు గుంజుతాడు. తొలిసారి తెలీక తగిల్నాది అనుకుంటి. రెండోసారి కూడా అట్లే అనుకుంటి. ఎవురికి చెప్పినా మగ్గంలో తగల్దా అంటారు. మా అమ్మ కూడా అదే మాట అనె.”

బెల్టుతో కొట్టిన మొగుళ్ళని చూశాను, కట్టెతో కొట్టినవాళ్ళనీ చూశాను. వాళ్ళంతా తాగి, కోపంలో ఒళ్ళు తెలియక కొట్టామని చెప్పుకునేవాళ్ళు. వీడు తాగడు. గుంతలో కూర్చుని, పెళ్ళాం వేళ్ళు సరైన చోటికి వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తాడు.

గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరు రెండు వేళ్ళకీ కట్టుకట్టి, ఎముక చిట్లింది, నెలరోజులు ఆ చేత్తో పని చేయకూడదన్నాడు. ఇంకోసారి ఇదే చోట దెబ్బ తగిలితే వేళ్ళు మళ్ళీ వంగవని కూడా చెప్పాడు. నేయడం తప్ప ఆమెకు ఇంకే పనీ రాదు. ఆ వేళ్ళు పోతే ఆమె బతుకూ పోయినట్టే. నేను అంజలిని వెనక గదిలో పెట్టి, వంటచేసే ఓబులమ్మకి అప్పజెప్పాను.

ఆ వారంలోనే చంద్రమోహన్ సార్ తన కారులో వీరేష్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. సార్ ఒక కేసు కోసం తనంతట తాను ఆఫీసుకి రావడం నేనెప్పుడూ చూడలేదు. వీరేష్ తెల్ల చొక్కా వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని, ఒక కవరు నిండా ఆపిల్ పండ్లు తెచ్చాడు. అంజలి గోడకి ఆనుకుని నిలబడింది. పండ్ల వైపు చూడలేదు.

“మగ్గమన్నాక తగల్దా మేడం?” అన్నాడు వీరేష్ నాతో, ఎంతో వినయంగా. “ఊపులో ఉంటాది కదా అది. ఒకసారి గుంజినాక మద్దెలో ఆపేకి ఎవురి తరమూ కాదు. కావాలంటే ఏ నేతగాన్నన్నా అడుగు.”

“విన్నావా అరుణా” అన్నాడు సార్. “అమాయకుడమ్మా. ఇద్దరికీ మధ్య ప్రేమ ఉంది. మనం కలపాలి. కుటుంబం...” అని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచాక కవరులోంచి ఒక ఆపిల్ తీసి, పంచె అంచుకి తుడిచి, కొరుక్కుని తినడం మొదలుపెట్టాడు. అంజలికి తెచ్చిన పండు. నములుతూనే ప్రేమ గురించి ఇంకా ఏదో చెప్పాడు. రసం గడ్డం మీదికి కారింది.

చెయ్యి బాగయ్యేదాకా పంపనని చెప్పేశాను. వీరేష్ తలొంచుకున్నాడు. సార్ మాత్రం నవ్వాడు.

“నువ్వు బాగా అలిసిపోయావమ్మా. ఊరందరి కష్టం మోస్తావు, నీ కష్టం మోసేదెవరు? ఎల్లుండి పుట్టపర్తిలో మన సేవా నాయకుల సంక్షేమ శిబిరం పెట్టాం. నువ్వు తప్పకుండా రావాలి. ఇది నా ఆర్డరు అనుకో.”

పోయే రోజు పొద్దున అంజలితో చెప్పాను, సాయంత్రానికల్లా వచ్చేస్తానని, ఎవరు పిలిచినా కదలొద్దని.

“మీరు పొమ్మనేదాంక పోను మేడం” అంది.

పుట్టపర్తిలో ఒక హోటలు ఏసీ హాల్లో శిబిరం. ఉరవకొండ, మడకశిర వైపు నుంచి కూడా మాలాంటివాళ్ళు వచ్చారు. లోపలికి పోతూనే ఫోన్లు తీసుకుని బుట్టలో వేసి, పైన పట్టుగుడ్డ కప్పారు. మనసుకి విశ్రాంతి కావాలంట. బెంగుళూరు నుంచి వచ్చిన శశికుమార్ అనే ట్రైనరు చెవికి మైకు తగిలించుకుని మమ్మల్ని కళ్ళు మూసుకోమన్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని మాకు మేమే థాంక్స్ చెప్పుకోమన్నాడు. మా ఒత్తిడంతా ఒక బెలూన్‌లోకి ఊదమని తలా ఒక బెలూన్ ఇచ్చాడు. నా పక్కన కూర్చున్న ఉరవకొండ ఆయన, “మా మండలంలో రెండేండ్లుగా చెనక్కాయ పంట లేదు. ఆ బాధంతా దీన్లో పడ్తాదా అన్నా?” అని అడిగాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వించడానికి అడగలేదు.

మధ్యాహ్నం చంద్రమోహన్ సార్ ధర్మవరం నుంచి వచ్చి మైకు పట్టుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

“ఈ ఆదివారం మన వార్షికోత్సవానికి హైదరాబాదు నుంచి వచ్చే ముఖ్య అతిథి మేడం గారికి మనం ఒక పట్టుచీర కప్పబోతున్నాం. అది అంగట్లో కొన్న చీర కాదు. విడిపోబోయి, మన సంస్థ కలిపిన ఒక జంట నేస్తున్న చీర. ఈ అంచు భర్త నేస్తాడు, ఆ అంచు భార్య నేస్తుంది. ఇద్దరూ వేదిక మీదికొచ్చి తమ చేతులతో కప్పుతారు. కుటుంబమంటే అది.” చేతులు జోడించాడు. “చీర అయిపోవచ్చింది. కొంగు ఒక్కటే మిగిలింది.”

హాలంతా చప్పట్లు. మేము ఈమధ్య కలిపిన జంట ఒక్కటీ లేదు.

తర్వాత శశికుమార్ ఫోన్లు తిరిగిచ్చాడు. ఇంట్లో మనకి ఎంతో ఇష్టమైనవాళ్ళకి ఇప్పుడే, అందరి ముందూ, ఫోన్ చేసి కృతజ్ఞత చెప్పాలట. చుట్టూ ఉన్నవాళ్ళు సిగ్గుపడుతూ పెళ్ళాలకీ మొగుళ్ళకీ ఫోన్లు చేస్తున్నారు. నేను ఓబులమ్మకి చేశాను.

“పొద్దన్నుంచి మీకు చేసి చేసి సాలైపోయె అమ్మా” అంది ఓబులమ్మ. “సారే కారేసుకుని వచ్చి అంజల్ని ఎక్కించుకుని పోయినాడు. ఆ పిల్ల రానంటే రానని కూకునింది. అరుణమ్మే పొమ్మని చెప్పిందని సారు అనేతలికి, ఇంగ ఒక్క మాట మాట్లాడకుండా లేసి పోయింది.”

భోజనాల దగ్గరికి నేరుగా వెళ్ళాను. సార్ అప్పటికే పెరుగన్నంలోకి వచ్చేశాడు. వేళ్ళ సందుల్లోంచి పిసుకుతూ కలుపుతున్నాడు.

“నా పేరు చెప్పి పంపించారా సార్?”

ఆయన తల కూడా ఎత్తలేదు. “మెల్లగా మాట్లాడమ్మా. కొంగే కదా, మూడు రోజుల పని. వేరేవాళ్ళు కూర్చుంటే చెయ్యి మారినట్టు తెలిసిపోతుందన్నాడు ఆ అబ్బాయి. ఆదివారం అయిపోనీ. సోమవారం నువ్వే తెచ్చి మళ్ళీ గదిలో పెట్టుకో. నేను వద్దన్నానా?”

అని వేళ్ళు నాకాడు. ఆ మాట అన్న నోటితోనే. ఒక్కక్షణం ఆ విస్తరాకును ఆయన ఒళ్ళో బోర్లించాలనిపించింది. బోర్లించలేదు. బస్సు దొరికే టైము పోతుందని బయటికొచ్చేశాను. ఇప్పటికీ అదొక్కటే నాకు కొరతగా ఉంది.

బస్సు ధర్మవరం చేరేసరికి పొద్దు వాలుతోంది. వీరేష్ ఇల్లు మగ్గాల సందులో ఉంది. లోపల చీకటిగా ఉంది, మగ్గం మీద ఒక బల్బు వేలాడుతోంది. వీరేష్ గుంతలో ఉన్నాడు. అంజలి పక్కన కూర్చుని ఉంది. డాక్టరు కట్టిన కట్టు విప్పేసి పాత గుడ్డపేలిక చుట్టారు, లావుపాటి కట్టుతో చెయ్యి లోపలికి దూరదని. బొటనవేలితోనూ చిటికెన వేలితోనూ నాడె పట్టుకుంటోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

“నేను పొమ్మనలేదు అంజలీ” అన్నాను.

“సారు చెప్పినాడే.”

“సారు అబద్ధం చెప్పినాడు.”

ఆమె చాలాసేపు నావైపు చూసింది. నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయింది. ఆ చూపు నన్ను కోసేసింది.

“కొంగు ఐపోనీ మేడం” అన్నాడు వీరేష్ అదే వినయంతో. “నేను జాగర్తగానే నేస్తాండా. తగిల్తే మాత్రం నా చేతుల్లో లేదు.”

అప్పుడే ఆ ఆలోచన వచ్చింది. “లెయ్ అంజలీ” అన్నాను. ఆమె లేచింది. ఆమె కూర్చున్న పలక మీద నేను కూర్చుని, నా కుడిచేతి వేళ్ళు ఆమె వేళ్ళు పోయే చోట పెట్టాను.

“ఇప్పుడు గుంజప్పా.”

“చెయ్యి తియ్యి మేడం. తగుల్తాది.”

“తియ్యను. ఊపులో ఉంటే ఆపేకి ఎవురి తరమూ కాదంటివే. నువ్వు నేసేది నెయ్యి. తగిల్తే తగుల్తాది.”

అతను కొంచెం లాగి వదిలేశాడు. గట్టిగా గుంజమన్నాను. పంతానికి పోయి ఈసారి నిజంగానే గుంజాడు. ఆ కొయ్య దండె గాలి కోసుకుంటూ నా వేళ్ళ మీదికి రావడం చూశాను. భయంతో నా కళ్ళు మూసుకుపోయాయి, అబద్ధమెందుకు. చప్పుడు రాలేదు. కళ్ళు తెరిస్తే దండె నా గోళ్ళకి పోగంత దూరంలో ఆగి ఉంది. అతని చెయ్యి వణకనైనా లేదు.

“ఇంకోసారి” అన్నాను. మళ్ళీ అక్కడే ఆగింది.

నేను చెయ్యి తీసేశాను. అంజలి ఆ దండె వైపే చూస్తూ నిలబడింది. తర్వాత తన చేతికున్న గుడ్డపేలిక వైపు చూసుకుంది.

“ఆగుతాది అది” అంది మెల్లగా. కాసేపటికి మళ్ళీ అదే మాట అంది, ఈసారి మొగుడితో. “ఆగుతాది కదప్పా.”

వీరేష్ గుంతలోంచి లేవలేదు. ఆమె గడప దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకుంది. అతను ఆమెని ఆపే ప్రయత్నమేమీ చేయలేదు. నావైపే తిరిగి అడిగాడు.

“కొంగు ఎట్ల మేడం? సారుకి ఏం చెప్పల్ల?”

ఆ రేకుల గదికి ఆమెని తీసుకుపోయే ప్రశ్నే లేదు. దాని తాళం ఇంకొకటి సార్ దగ్గర ఉంటుంది. ముందు ఆసుపత్రికి, తర్వాత మా ఇంటికి అనుకుని ఆటో పిలిచాను. రేపట్నుంచి నాకు ఆ ఉద్యోగం ఉండదని తెలుసు. తర్వాత రాబోయే అంజలికి ఆ గదిలో ఎవరు అండగా ఉంటారన్నదే గుచ్చుకుంది.

ఆటో ఎక్కుతుండగా ఫోన్ మోగింది. చంద్రమోహన్ సార్.

“అరుణా, అక్కడికే వెళ్ళుంటావనుకున్నా. మంచిదమ్మా. కొంగు ఎంతవరకు వచ్చింది?”

ఫోన్ అంజలికి ఇచ్చాను. ఆమె ఎడమచేత్తో పట్టుకుంది.

“ఆపితే ఆగుతాది సార్ అది” అంది. “ఆయప్పకి ఆపేది వచ్చు. ఇన్నాళ్ళు కావాలనే ఆపలే. నేనింగ నెయ్యను.”

పొద్దున ఆయన ఆ పిల్లని తన కారులోనే ఎక్కించుకుని, దారి పొడుగునా బుద్ధులు చెప్పి తెచ్చాడు. సార్ గొంతు, చిరాగ్గా, నాకు కూడా వినబడింది.

“ఎవరమ్మా నువ్వు?”

అంజలి ఫోన్ నాకిచ్చేసింది.

“నేనెవురో తెలీదంట మేడం” అంది.