తల్లిగారి చీర, ఛార్జింగ్ లేని కారు

ప్రవళికా, ఆ ఫోను పక్కన పెట్టి ఇటు జరుగు బిడ్డా. నా మోకాలికి ఆనుకుని కూర్చో. నువ్వు కరీంనగర్ హాస్టల్లో ఉన్నప్పుడు మీ తాత అక్క పోయింది కదా, ఇచ్చోడ బాలలక్ష్మి వదిన. ఆ రోజు మేము మందమర్రి నుంచి అక్కడికి ఎట్లా చేరామో నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను చెప్తాను, విను.

తెల్లవారగానే ఫోను వచ్చింది. వదిన కొడుకు రాయమల్లు ఏడుస్తూ అన్నాడు: "మామా, అవ్వ పోయింది. తల్లిగారి చీర పట్టుకొని జల్ది రా. చీకటి పడకముందే లేపాలంటున్నరు."

ఆడబిడ్డ పోతే పుట్టింటి చీర కప్పాకే పాడె లేపుతారు మనలో. తోడబుట్టినవాడు బతికుండీ చీర అందలేదంటే, ఆమెకు వెనక ఎవరూ లేరని లోకానికి చెప్పినట్టే. మీ తాతకు ఆ ఒక్కతే అక్క. తల్లి లేని పిల్లవాణ్ణి చంకనెత్తుకుని పెంచింది. బట్టల షాపతన్ని ఇంటి దగ్గర లేపి తీసుకొచ్చి ఆకుపచ్చ చీర కొన్నాం.

మీ బాపు నరేశ్ కారేమో అప్పటికి కొన్నాళ్ళుగా సతాయిస్తోంది. తాళం తిప్పితే కటకటమని ఊరుకునేది. మీ తాత లింగమూర్తి బ్యాటరీ ఊడదీయించి, ఛార్జింగ్ పెట్టించి ముందురోజే తెచ్చాడు. ఆయన ఉద్యోగమంతా గనిలో ల్యాంప్ రూమ్‌లోనే కదా, దిగేవాళ్ళ టోపీ లైట్లకు ఛార్జింగ్ పెట్టి ఇచ్చే పని. బ్యాటరీ అంటే తనకు తెలియనిది లేదని ఆయన ధీమా. ఆ పొద్దున కారు ఒక్క తాళానికే లేచింది. మీసం దువ్వుకున్నాడు.

లక్సెట్టిపేట దాటాక చూశాను, మీ బాపు రోడ్డు కంటే స్టీరింగ్ వెనక వెలుగుతున్న ఎర్ర బొమ్మనే ఎక్కువ చూస్తున్నాడు. జన్నారం దగ్గర, అడవి మొదలయ్యే చోట కారు పక్కకు ఆపాడు. ఇంజన్ మాత్రం ఆపలేదు.

"బ్యాటరీ బొమ్మ ఆరుతలేదు బాపు. జర మీటర్ పెట్టి చూస్త."

"నిన్ననే నిండ తాగింది. షిఫ్టు మొత్తం వెలుగుతది. ఫికర్ చెయ్యకు, నడువు."

"నువ్వు ఇటొచ్చి కొద్దిగ ఎక్సిలేటర్ తొక్కు."

ఇళ్ళకు వైరింగ్ చేసేటప్పుడు మీ బాపు వాడే మీటరే, ఎప్పుడూ డిక్కీలో ఉంటుంది. బ్యాటరీకి రెండు వైపులా సూదులు ఆనించాడు. మీ తాత తొక్కాడు. ఇంజన్ గర్జించింది. మీటరు మీద అంకె మాత్రం కదలలేదు.

"పన్నెండు," అన్నాడు మీ బాపు.

"పన్నెండు బ్యాటరీకి పన్నెండే వస్తది. ఇంకేం కావాల్రా నీకు?"

"ఇంజన్ బందున్నప్పుడు గంతే. నడుస్తున్నప్పుడు పదమూడున్నర మీద, పద్నాలుగు దాంక ఎక్కాలె. ఇంజన్ తోటి తిరిగే ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపుతలేదు బాపు. మందమర్రి నుంచి బ్యాటరీనే తినుకుంట వచ్చినం."

మీ తాత కాలు తీశాడు. "మా లైట్లు ఛార్జింగ్ ర్యాకుకు పెడితేనే నిండుతుండె. లోపలికి పోయినంక ఖర్చే."

"కారు అట్ల కాదు. నడుసుకుంటనే నింపుకోవాలె."

"గీ ముచ్చట ముందే అడిగితే నోరు అరుగుతుండెనా?" అని నేను అందుకున్నాను. "అందరికీ లైట్లిచ్చినోడివి, ఇంట్ల చీకటి చేసినవ్!"

మామూలు రోజైతే తిరగబడేవాడు. ఆ రోజు ఒళ్ళోని చీర సంచిని గట్టిగా పట్టుకున్నాడు.

జన్నారం మెకానిక్ చూసి, సామాను మంచిర్యాల నుంచి రావాలి, సాయంత్రమవుతుందన్నాడు. ఉట్నూరు బస్సు పోయింది, మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పుడు మీ తాత అన్నాడు: "పోదాం కొడుకా. కానీ ఖర్చు తగ్గించు. ఏసీ బంద్, పాటలు బంద్, ఫోన్ల తీగలు పీకు. ఎక్కడా ఇంజన్ ఆపకు."

అడవిలో వాన అందుకుంది. వైపర్లు కూడా కరెంటు తినేవే కదా. మీ బాపు ఒకసారి తిప్పి ఆపేవాడు. అద్దం తెల్లబడేది. మీ తాత కిటికీలోంచి సగం బయటికి వంగి తువ్వాలతో తుడిచేవాడు. "పడిపోతవయ్యా!" అని నేను వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఫోన్లకు సిగ్నల్ లేదు. వాళ్ళు ఎదురుచూస్తున్నారో, లేపేశారో తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను తినేసింది బిడ్డా.

ఉట్నూరు దాటాక కొంత దూరం పోయాం. కారు దగ్గడం మొదలుపెట్టింది. స్టీరింగ్ వెనక ఉన్న లైట్లన్నీ ఒకేసారి వెలిగి ఆరిపోయాయి. రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. తాళం తిప్పితే కటకట కూడా లేదు.

మీ తాత దిగి నడవడం మొదలుపెట్టాడు, వానలో, ఆ వయసులో, ఇచ్చోడ వైపు. వెనక యూరియా బస్తాల ట్రాక్టరు వచ్చింది. నేను రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఏందవ్వా, సచ్చిపోతవా?" అని అరిచాడు నడిపే ఆయన.

"సచ్చినోళ్ళ దగ్గరికే పోతున్నం కొడుకా. ఎక్కించుకో."

కారు అక్కడే వదిలి, ముందు నడుస్తున్న మీ తాతను దారిలో ఎక్కించుకుని మేము చేరేసరికి ఇంటి ముందు గొడవ. పెద్దమనుషులు ఇచ్చోడలోనే ఒక చీర కొని తెప్పించారు. రాయమల్లు పాడెకు అడ్డంగా కూర్చున్నాడు. "మా మామ వస్తుండు. చీకటైతే కానియ్యుండ్రి!"

మీ తాత చొక్కా లోపలినుంచి ప్లాస్టిక్ సంచి తీశాడు. ఒంటిమీద పొడి బట్ట లేదు, చీర మీద మాత్రం చుక్క పడలేదు. కప్పి, ఆమె పాదాలు రెండూ పట్టుకుని, "అక్కా, వచ్చిన" అన్నాడు. అంతే. అప్పుడు లేపారు.

ఇది మరిచిపోకు ప్రవళికా. రేపు నీకూ కారుంటుంది. ఎర్ర బొమ్మ వెలిగితే ఒట్టి బ్యాటరీ నింపి బయల్దేరకు, ఇంజన్ నడుస్తుండగా మెకానిక్‌ను మీటరు పెట్టి అంకె చూడమను. బాలలక్ష్మి పుట్టింటి చీరతోనే పోయిందని కూడా నీ పిల్లలకు చెప్పు. ఇచ్చోడలో ఎవరైనా వేరేగా చెప్తే, మా నాయనమ్మ కిష్టవ్వ చెప్పిందే నిజమను.