గ్లౌజక్క పాఠం

పొద్దుటి భద్రతా క్లాసులో గ్లౌజక్క గ్లౌజు మరీ త్వరగా తీసేసిందని మేనేజరుకు కోపం వచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు? పాఠాలాయన 'ఒక్క క్షణం అజాగ్రత్త' అంటాడు. అప్పుడు లేవాలి. ఒక్కో వేలూ లాగుతూ నెమ్మదిగా తియ్యాలి. నువ్వేమో క్లాసు సగంలో ఉండగానే తీసేసి ఒళ్ళో పెట్టుకున్నావు. చూసేవాళ్ళకి ఇంకేం మిగిలింది?"

"దురద పెట్టింది సార్."

"గోక్కోడానికి క్లాసయ్యాక బోలెడు టైముంది. రెండింటికి ఇంకో క్లాసుంది, అప్పుడైనా సరిగ్గా చెయ్యి."

గ్లౌజక్క తల ఊపింది. ఆమెకు వేరే పేరు లేకపోలేదు గాని ఫ్యాక్టరీలో ఎవరూ ఆ పేరుతో పిలవడం మానేసి రెండేళ్ళయింది. ఎడమ చేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఆమె సొంతం. మధ్యలో మూడు వేళ్ళ చోట గ్లౌజులో దూది కూరి ఉంటుంది. ఆ దూది ఆలోచన మేనేజరుది. చెయ్యి మామూలుగా కనబడుతూ ఉండి, గ్లౌజు తీసేసరికి ఒక్కసారిగా జనం గుండె గుభేలుమనాలట. అలా అనిపిస్తేనే పాఠం ఒంటబడుతుందట.

రెండేళ్ళ కిందట ఆమె నాలుగో నంబరు ప్రెస్సు మీద తలుపు బందులు కొట్టేది. రేకును కింది అచ్చులో పెట్టి బటన్లు నొక్కితే పై అచ్చు దిగి బందు ఆకారం కోస్తుంది. అప్పట్లో జీతం పద్నాలుగు వేలు. వేళ్ళు పోయాక కంపెనీ ఆమెను ఇంటికి పంపలేదు, ఆ మాట మేనేజరు ప్రతి క్లాసులోనూ చెబుతాడు. ట్రైనింగ్ హెల్పర్ అని పేరు పెట్టి తొమ్మిది వేలకు కుదించారు. పనల్లా, భద్రతా శిక్షణ జరిగినప్పుడల్లా చెయ్యి చూపించి, కాయితం మీద రాసిచ్చిన ఏడు వాక్యాలు అప్పజెప్పడం.

"నేను ఈ కంపెనీలో ప్రెస్సు ఆపరేటర్ని. కంపెనీ నాకు అన్నీ నేర్పింది. ఆ రోజు నేను ఇంటి విషయాలు ఆలోచిస్తూ పని చేశాను. పక్కామెతో మాట్లాడాను. ఒక్క క్షణం అజాగ్రత్త నా చెయ్యి తీసుకుంది. తప్పు నాదే. మీరు నాలా చెయ్యకండి."

మొదటిసారి ఆరో వాక్యం దగ్గర ఏడుపొచ్చింది. బాగా వచ్చిందని మేనేజరు మెచ్చుకున్నాడు. ఇప్పుడు ఏడుపూ రాదు, మెప్పూ లేదు.

పొద్దుటి క్లాసు పనివాళ్ళకు కాదు, యజమానులకు. చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీల వాళ్ళు పన్నెండు మంది వచ్చారు. యంత్రానికి కంచె ఎలా ఉండాలో, పనిగంటలు ఎన్ని దాటకూడదో పాఠాలాయన తెర మీద చూపిస్తున్నంతసేపూ వాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. గ్లౌజక్క లేచాకే తలలెత్తారు. అంతా అయ్యాక ప్లాస్టిక్ బిందెల ఫ్యాక్టరీ ఆయన మేనేజరును అడిగాడు, "ఆవిడకి నెలకెంతిస్తారు?"

"తొమ్మిది."

"ఖర్చు తక్కువే. మాకూ ఇలాంటి మనిషి ఒకరుంటే వర్కర్లకి కాస్త భయం ఉండేది. ఏం చేస్తాం, మావాళ్ళందరికీ వేళ్ళున్నాయి!"

అందరూ నవ్వారు. ఆమె ఇంకా గదిలోనే ఉందని ఒకాయనకు గుర్తొచ్చి, సిగ్గుపడి, బిస్కెట్ల ప్లేటు ఆమె వైపు జరిపాడు. ఆమె కుడిచేత్తో ఒకటి తీసుకుంది. తీసుకోకపోతే పొగరంటారు. ఆ బిస్కెట్టు గొంతు దిగడానికి రెండు గ్లాసుల నీళ్ళు పట్టాయి.

కానీ ఆ రోజు ఆమె గుండెల మీద కుంపటి పొద్దుటి క్లాసు కాదు, రెండింటి క్లాసు. కొత్తగా చేర్చుకున్న ముప్ఫై మంది ఆడవాళ్ళకు శిక్షణ. రేపట్నుంచి వాళ్ళు ప్రెస్సుల మీదికి వెళ్తారు. నాలుగో నంబరుకు వెళ్ళబోయేది ఆమె తోడికోడలు.

చిన్నకోడలు నోరున్న మనిషి, పనిలోనూ గట్టిది. మరిదికి నాలుగు నెలలుగా పని లేదు. ఇంట్లో ఏడుగురు. గ్లౌజక్క తొమ్మిది వేలు, ఆమె మొగుడు తెచ్చే పన్నెండు వేలు కలిపినా ఇరవయ్యో తేదీకే డబ్బాలు ఖాళీ. ఎవరో ఒకరు పనిలో చేరక తప్పదు. చేరడాన్ని గ్లౌజక్క కాదనలేదు. నాలుగో నంబరు వద్దంది, అంతే. నిన్న సాయంత్రం అంట్ల దగ్గర కూర్చుని చెప్పింది. రెండేళ్ళుగా అంట్లన్నీ చిన్నకోడలే తోముతోంది, తోముతున్నంతసేపూ సణుగుతూనే ఉంటుంది.

"ప్యాకింగులో అడగవే. వాళ్ళకీ మనుషులు కావాలి."

"ప్యాకింగుకి తొమ్మిది. ప్రెస్సుకి పదహారు. ఏడు వేలు వదులుకోడానికి నాకేమన్నా పిచ్చా?"

"ప్రెస్సుకి అటొకటి ఇటొకటి రెండు బటన్లుంటాయి. రెండూ ఒకేసారి నొక్కితేనే అచ్చు దిగాలి. రెండు చేతులూ బటన్ల మీదుంటే అచ్చు కింద చెయ్యి ఉండదు కదా, అందుకని. కానీ ఎడం బటన్ నొక్కే ఉండేట్టు సందులో చెక్కముక్క బిగిస్తారు. అప్పుడు ఎడం చేత్తో రేకు పెడుతూ, కుడిచేత్తో నొక్కుతూ పోవచ్చు. లేకపోతే గంటకి నాలుగొందల బందులు ఎవరివల్లా కాదు. నా చెయ్యి పోయింది ఆ చెక్క వల్లేనే."

చిన్నకోడలు గిన్నె బోర్లించి నవ్వింది. "నీలా దిక్కులు చూస్తూ కొడతాననుకున్నావా? ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేవాళ్ళకి ఏమవుతుంది?"

"నేను దిక్కులు చూళ్ళేదు."

"మరి నువ్వే చెప్తావు కదా? పక్కామెతో కబుర్లాడాను, తప్పు నాదే అని. అక్కడ మైకులో ఒకటి చెప్పి ఇక్కడ అంట్ల దగ్గర ఇంకోటి చెప్తే నేనేది నమ్మాలక్కా?"

గుమ్మంలోంచి అత్త ఒక మాట విసిరింది. "దానికి పదహారొస్తుంటే నీకెందుకే కడుపుమంట?"

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అన్నారా! అత్త మాటకు గ్లౌజక్క ఏమీ అనుకోలేదు. ఆ నవ్వు మాత్రం తెల్లారేదాకా చెవుల్లోనే ఉండిపోయింది. అందులో ద్వేషం లేదు, నమ్మకం ఉంది. తను అజాగ్రత్తపరురాలు కాదు కాబట్టి తన వేళ్ళు ఎక్కడికీ పోవన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని ఏడు వాక్యాలతో పెంచి పోషించింది ఎవరో గ్లౌజక్కకు తెలుసు.

ఒంటిగంటన్నరకు ఫోర్‌మన్ ప్రెస్సుల మధ్య తిరిగి చెక్కముక్కలన్నీ ఏరి జేబులో వేసుకున్నాడు. శిక్షణ ఉన్న రోజున కొత్తవాళ్ళకు యంత్రాలు చూపిస్తారు గనక గంటసేపు కంపెనీ చట్టప్రకారం నడుస్తుంది. ఆ గంటలో బందుల లెక్క రెండు వందల డెబ్బై దాటదు. మిగతా గంటల్లో దాన్ని పూడ్చుకోవాలి. చెక్క కోసం ఆడవాళ్ళే ఫోర్‌మన్ వెంటపడటం కూడా ఉంది. లెక్క తగ్గితే కోత వాళ్ళకే కదా. తిలాపాపం తలా పిడికెడు. పిడికిలి పోయేది మాత్రం ఒక్కరిదే.

రెండింటికి క్లాసు మొదలైంది. చిన్నకోడలు రెండో వరసలో కూర్చుంది. కంపెనీ ఇచ్చిన నీలం కోటు భుజాల దగ్గర వదులుగా ఉంది, కాలికి కొత్త బూట్లు. పాఠాలాయన మంచివాడే. యంత్రాల గురించి నిజంగా తెలిసినవాడు, క్లాసుకింతని కూలి తీసుకుని ఊరూరా తిరిగేవాడు. చెక్కముక్కల సంగతి తనకు తెలుసని ఒకసారి టీ తాగుతూ ఆమెతో అన్నాడు కూడా. "ఏం చేయనమ్మా, అది చెప్తే వచ్చేసారి నన్ను పిలవరు," అన్నాడు. ఆమె అతన్ని తప్పు పట్టలేదు. పట్టడానికి తనకేం అర్హత ఉందనుకుంది.

"ఒక్క క్షణం అజాగ్రత్త!" అన్నాడు పాఠాలాయన.

ఆమె లేచింది. గ్లౌజు ఒక్కో వేలూ లాగుతూ, మేనేజరు కోరినట్టే నెమ్మదిగా తీసింది. దూది కింద పడింది. ఎవరో "అమ్మో" అన్నారు. మొదటి వరసలో ఒకామె కళ్ళు మూసుకుంది. చిన్నకోడలు మాత్రం రోజూ చూసే చెయ్యే గనక పెద్దగా పట్టించుకోకుండా బూటు లేసు సరిచేసుకుంటోంది. ఎన్ని క్లాసుల్లో ఎంతమంది హడలిపోయారో గాని, ఇవాళ హడలవలసిన మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు.

"నేను ఈ కంపెనీలో ప్రెస్సు ఆపరేటర్ని. కంపెనీ నాకు అన్నీ నేర్పింది. ఆ రోజు నేను..."

తొమ్మిది వేలు కళ్ళముందు కదిలాయి. రెండు వేళ్ళ మనిషికి ఈ గేటు దాటితే ఎవడూ పనివ్వడని ఆమెకు తెలుసు.

గది వెనకనుంచి మేనేజరు అందించాడు. "ఇంటి విషయాలు."

"ఇంటి విషయాలేం ఆలోచించలేదు సార్," అంది ఆమె. "బందుల లెక్క ఆలోచించా. అప్పటికి పనికెక్కి పదకొండో గంట. నా తర్వాత రావాల్సినామె రాలేదని ఆగమన్నారు. రేకు ఇరుక్కుంది. ఎడం చేత్తో లాగుతున్నా, కుడి చెయ్యి అలవాటుకొద్దీ నొక్కేసింది. ఎడం బటన్‌లో చెక్కుంది. అది లేకపోతే అచ్చు దిగేదే కాదు."

చిన్నకోడలు లేసు వదిలేసి తలెత్తింది.

"మైకు ఆపండి," అన్నాడు మేనేజరు.

పాఠాలాయన ఒక్క క్షణం తటపటాయించి, ఆపేశాడు. ముప్ఫై మంది పట్టే గదికి మైకెందుకు? ఆమె గొంతు ఇంకా స్పష్టంగా వినబడింది.

"నేనెవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడితే లెక్క తప్పుతుంది. చెక్క పెట్టమన్నది ఫోర్‌మన్. ఎలా బిగించాలో మాత్రం నేనే పదిమందికి నేర్పా. నాలాగా గట్టిగా బిగించేవాళ్ళు లేరని మెచ్చుకునేవాళ్ళు కూడా. ఆ తప్పు నాది. అది మీ కాయితంలో లేదు. కాయితంలో ఉన్నది ఇంక చెప్పను సార్."

మేనేజరు ముందుకొచ్చాడు. అరవలేదు. అరవడం ఫోర్‌మన్ పని. "పాపం, ఆమెకి అప్పట్నుంచీ మనసు బాగుండదు," అన్నాడు అందరికేసి చూసి. "మనం దయతలచి ఉంచుకున్నాం. సరే, శిక్షణ పూర్తయింది. రిజిస్టరు వస్తుంది, సంతకాలు పెట్టండి. ఇష్టం లేనివాళ్ళు వెళ్ళొచ్చు, బలవంతం లేదు. గేటు బయట ఇంకా నలభైమంది నిలబడున్నారు."

రిజిస్టరు మొదటి వరసలో బయల్దేరింది. పై భాగంలో అచ్చు వేసి ఉంది: భద్రతా శిక్షణ సంపూర్ణంగా అందినది, అర్థమైనది. కళ్ళు మూసుకున్నామె సంతకం పెట్టింది. ఆమె పక్కామె పెట్టింది. సంతకం రానామె వేలిముద్ర వేసింది. ఎవరూ గ్లౌజక్క వైపు చూడలేదు. వాళ్ళ ఇళ్ళలోనూ డబ్బాలు ఖాళీగానే ఉంటాయి మరి. కోపం తెచ్చుకునే స్తోమత అందరికీ ఉండదు.

రెండో వరసలో రిజిస్టరు చిన్నకోడలి ఒళ్ళోకి వచ్చింది. ఆమె పెన్ను తీసుకుంది. పై అక్షరాలు ఒకటికి రెండుసార్లు చదివింది.

"సార్, చెక్క లేకుండా గంటకి నాలుగొందలు అవుతాయా?"

"ముందు సంతకం పెట్టమ్మా. అవన్నీ ఫోర్‌మన్ చెప్తాడు."

"ఫోర్‌మన్ కాదు, మీరు చెప్పండి. అవుతాయా, అవవా?"

మేనేజరు పాఠాలాయన కేసి చూశాడు. పాఠాలాయన వంగి మైకు తీగ చుట్టుకుంటున్నాడు, చుట్టిందే మళ్ళీ విప్పి చుడుతున్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ ఫోర్‌మన్ జేబు మీద చెయ్యేసుకున్నాడు.

చిన్నకోడలు అప్పుడు గ్లౌజక్కను చూసింది. ఆ చూపులో జాలి లేదు, మెచ్చుకోలూ లేదు. నోటి దగ్గరికొచ్చిన పదహారు వేలు లాగేశావు కదే అన్న మంట ఉంది. ఇంత మాట రెండేళ్ళ కిందటే ఇంత గట్టిగా ఎందుకు చెప్పలేదన్న మంట కూడా ఉంది. గ్లౌజక్క ఆ రెండూ భరించి, చూపు తిప్పుకోకుండా నిలబడింది. సాయంత్రానికి తన ఉద్యోగం ఉండదని ఆమెకు తెలుసు. ఇంటికెళ్ళాక అత్త ఏమంటుందో కూడా తెలుసు.

"టైమవుతోంది," అన్నాడు మేనేజరు. "పెడతావా, వెళ్తావా?"

చిన్నకోడలు సంతకం పెట్టలేదు. లేచి వెళ్ళనూ లేదు. వెనక వరసలో ఒకామె రిజిస్టరు కోసం చెయ్యి చాపింది. చిన్నకోడలు దాన్ని మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చుంది.