కుడిచెయ్యి

మా పేటలో ఏ మాట ఖాయం కావాలన్నా ఇంటికొకరు సముద్రం వైపు తిరిగి కుడిచెయ్యి ఎత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ మాట పడిపోయినట్టే. పడవలో ఒక్కడు వద్దన్నా లోతుకు పోకూడదని పాతవాళ్లు పెట్టిన కట్టుబాటు అది.

చేపలు ఎండబెట్టే దిబ్బను రొయ్యల కంపెనీకి ఇచ్చేద్దామని పేట పెద్ద వెంకట్రామయ్య అడిగిన రోజు అన్ని చేతులూ లేచాయి. మా ఇంటి తరఫున లేచింది నాది. పెద్దకోడలు జ్యోతిలక్ష్మి చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉండిపోయింది. నా పెద్దకొడుకు నాగశివ వేటకు వెళ్లి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆమె వేరే గుడిసె వేసుకుని, ఆ దిబ్బ మీద చేపలు ఎండబెట్టి అమ్ముకుంటోంది.

“ఊరంతా ఒకటంటే నీ ఒక్కదానిదీ వేరేంటే? కంపెనీలో నీకూ పనిస్తారుగా” అన్నాడు వెంకట్రామయ్య.

“ఇక్కడ కాకుల్ని నేను తోల్తాను చినమావా. అక్కడ సూపర్‌వైజరు నన్ను తోల్తాడు.”

ఎవరో నవ్వారు. వెంకట్రామయ్య నవ్వలేదు.

మర్నాడు పేటవాళ్లు ఆమె చేపల మీద కిరసనాయిలు పోశారు. అడ్డుపడితే జుట్టు పట్టుకుని ఇసుకలో ఈడ్చారు. నా చిన్నకొడుకు శివకృష్ణ తెడ్డు ఎత్తాడు. ఆమె తల కాచుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టింది. నేను పరుగున చేరేసరికి మోచేతి కింద ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది.

బాపట్ల ఆసుపత్రిలో కట్టు కట్టించి తీసుకొస్తుంటే బస్సులో అంది: “రేపల్లె మిల్లుకు పోతానత్తా. దిబ్బ పోయాక ఇక్కడ నాకేముంది?”

“దిబ్బ ఉంటే?”

“ఉంటాను.”

ఆమె పైట చెంగు ఊరొచ్చేదాకా నా గుప్పిట్లోనే ఉంది. నాగశివ పడవ ఎక్కిన రోజు వాడి చొక్కా కూడా అలాగే పట్టుకున్నాను. వాడు నవ్వుతూ నా వేళ్లు విడదీసుకుని వెళ్లాడు.

ఆ వారంలోనే మళ్లీ కూర్చున్నారు. అన్ని చేతులూ లేచాక గాని తెలిసిరాలేదు, కావలసిన చేతినే విరగ్గొట్టుకున్నామని.

“ఎడంచెయ్యి ఎత్తవే, సరిపోద్ది” అన్నాడు వెంకట్రామయ్య.

“ఎడంచేత్తో ఖాయం చేసింది ఎప్పుడైనా ఉందా చినమావా?”

శివకృష్ణ లేచి వెళ్లి ఆమె కట్టు పట్టుకుని పైకి లాగాడు. ఆమె అరవలేదు. కొరుక్కున్న పెదవి నుంచి రక్తం గడ్డం మీదికి కారింది.

“లేచింది. ఇక అందరివీ లేచినట్టే” అన్నాడు వెంకట్రామయ్య.

“మళ్లీ చూడు మరిదీ” అన్నాను. అప్పటికే నా చెయ్యి దించేశాను.

శివకృష్ణ ఇటు తిరిగాడు. “అమ్మా, ఎత్తు.”

“మీ వదినది ఎత్తావుగా. వచ్చి నాదీ ఎత్తు.”

వాడు ఆమెను వదిలేసి తెడ్డు అందుకున్నాడు. జ్యోతిలక్ష్మి ఇసుకలో పాక్కుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. నేను కుడిచెయ్యి తొడ కింద పెట్టుకున్నాను.

తెడ్డు నా భుజం మీద పడింది. చెయ్యి తొడ కిందే ఉంది.