ధన్యవాదాలను పొడిచిన చువ్వ

నేను ఒక ఇనుప చువ్వను. చెక్క దిమ్మ మీద నిటారుగా నిలబడి ఆఫీసు కాగితాలను పొడవడమే నా ఉద్యోగం. విజయనగరంలో ఒక కమ్మరి నన్ను ఎర్రగా కాల్చి, సమ్మెటతో బాది, మొన తేలేదాకా ఆకురాయితో అరగదీశాడు. అన్ని దెబ్బలు తిన్నవాడికి మంచి బుద్ధులు ఎక్కడినుంచి వస్తాయి చెప్పండి? కొన్నాళ్లు ఒక ప్లీడరు గుమాస్తా దగ్గర వకాల్తాలు పొడిచాను. ఆయన పోయాక ఊరి బయటి జూట్ మిల్లులో మేనేజరు భాస్కరం బల్ల మీదికి చేరాను.

ఇంటర్వ్యూకి వచ్చి వెళ్లినవాళ్లు ధన్యవాదాలు చెబుతూ ఉత్తరాలు రాసేవారు. అలా రాయమని ఐటీఐలో నేర్పుతారట. భాస్కరం మొదటి వరుస చూసి, కాకా పడుతున్నాడని నవ్వి, నా మీద గుచ్చేసేవాడు. మర్యాద నేర్పిన మాస్టార్లకు నా సంగతి తెలియదు పాపం.

ఫిట్టరు పనికి వచ్చిన సన్యాసిరావు కూడా రాశాడు. మొదటి వరుసలో ధన్యవాదాలు. రెండో వరుసలో, "మిల్లు చూపించినప్పుడు మూడో యంత్రం పళ్ల చక్రాలకు మూత లేదని గమనించాను. నాకు ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా మూత మాత్రం వెంటనే బిగించండి." భాస్కరం రెండో వరుసదాకా రాలేదు. నేను సరిగ్గా ఆ వరుసలోంచే దూసుకుపోయాను. చదివింది నేనొక్కణ్నే, నాకేమో నోరు లేదు.

ఉత్తరం వచ్చిన పన్నెండో రోజున మూడో యంత్రం కూలిమనిషి అప్పలకొండ చెయ్యి పట్టుకుంది. నార అందించే కుడిచెయ్యి. ఆమె కేక మిల్లు హోరును చీల్చుకుని ఆఫీసులోకి వచ్చింది. యంత్రం ఆపేసరికి మోచేతిదాకా నుజ్జయింది. ఎముకేదో నారేదో తెలియలేదని కూలీలు చెప్పుకున్నారు.

నెల తర్వాత ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తే, అప్పలకొండ మొండిచేతికి కట్టుతో వచ్చి నిలబడింది. మూత లేదని తనకెవరూ చెప్పలేదన్నాడు భాస్కరం. ఇన్‌స్పెక్టరు నా మీది కాగితాలు ఒక్కొక్కటే లాగి చూసి, సన్యాసిరావు ఉత్తరం దగ్గర ఆగాడు. తేదీతో సహా పైకి చదివాడు.

"అయితే పన్నెండు దినాలు నా సెయ్యి నీకాడే ఉందన్నమాట, బాబూ," అంది అప్పలకొండ.

ఎడంచేత్తో దిమ్మతో సహా నన్ను తిరగేసి పట్టుకుని, బల్ల మీదున్న భాస్కరం అరచేతి మీదికి దించింది. పుట్టి బుద్ధెరిగాక మనసారా పొడవాలనుకున్నది ఆ ఒక్కసారే. చివరి క్షణంలో ఆమె పక్కకు తిప్పింది. అతని వేళ్ల సందున బల్లలో దిగి నా మొన విరిగింది. ఆమె గురి తప్పలేదు, తప్పించింది.

ఇప్పుడు మిల్లు వెనక పాత ఇనుము కుప్పలో పడి ఉన్నాను. కూలీల మాటలు ఇక్కడికీ వినిపిస్తాయి. ఫిట్టరు ఉద్యోగం సన్యాసిరావుకే ఇచ్చారట. చేరిన రోజే మూడో యంత్రానికి మూత బిగించాడట.

ఈసారి అతను ధన్యవాదాల ఉత్తరం రాయలేదట.