ఒకే మీటరు కాంపౌండు

మా ఆయన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు కార్మికుల యూనియన్ తీసుకుంటుందనుకుంటే, సాయంత్రానికల్లా ఇంటికి పంపేస్తోంది. వచ్చాక కూరలో ఉప్పు మీద కూడా తీర్మానం పెడతాడు.

కంచరపాలెంలో మా కాంపౌండులోని వాటాలన్నిటికీ ఒకటే కరెంటు మీటరు. బిల్లు అందరం పంచుకుంటాం. వేసవి దాటినా బిల్లు పెరుగుతూనే ఉంది. దోషిని తేల్చడానికి మా ఆయన ప్రసాదు మీటింగు పెట్టాడు.

“ఇంకెవులు? చిలకమ్మ గ్రైండరే,” అంది ఎదురువాటా గ్రేసీ.

చిలకమ్మ పిండి రుబ్బి అమ్ముకునే ఒంటరి మనిషి. ఆ గ్రైండరు తిరిగితేనే ఆమెకి కూడు.

“ఎప్పటినించో తిప్పుతన్నాను కదమ్మా, ఇప్పుడే ఎక్కువ తాగీసిందేటి?” అంది.

మంచి ప్రశ్న. అయినా ఆమె కరెంటు ఆపెయ్యాలని చేతులెత్తి ఓటేశాం. మా ఇంటి కార్మిక నాయకుడు స్టూలెక్కి ఆమె వాటా ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. స్టూలు కదలకుండా పట్టుకున్నది నేనే.

చిలకమ్మ రోట్లో రుబ్బడం మొదలుపెట్టింది. టిఫిను బళ్లవాళ్లు వేరేచోట పిండి చూసుకున్నారు. ఆ రోలు చప్పుడుకి ఫ్యాను కింద కూడా నాకు చెమట పట్టేది.

మళ్లీ బిల్లొచ్చింది. యూనిట్లు తగ్గాయి, బిల్లు పెరిగింది. కింద సర్దుబాటు చార్జీ అని ఒక వరస, పెరిగిందంతా అందులోనే. డిగ్రీ చదివినదాన్ని, బిల్లు కింది సగం చదవడం అదే మొదలు.

“నా గ్రైండరు ఆపీసినారు. మరిప్పుడేటి తిరిగింది సత్యమ్మా, నా రోలేనా?” అంది చిలకమ్మ గుమ్మంలోంచి నన్ను చూసి.



పక్క వీధుల్లోనూ అదే కథ. ఒకచోట కోడలి ఇస్త్రీపెట్టె దొంగయింది, ఇంకోచోట ముసలాయన ఫ్యాను. అన్ని వీధులవాళ్లం కలిసి కరెంటాఫీసుకి బయల్దేరాం. చిలకమ్మని పిలవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. తనే వచ్చింది.

“మీ కోసరం కాదు. నా ఫ్యూజు పెసాదు బాబు జేబులో ఉంది. దానెనకాల వత్తన్నాను.”

అధికారి గేటు దగ్గరికొచ్చి ఓపిగ్గానే చెప్పాడు. “గ్యాస్ ధర పెరిగిందమ్మా. దాంతో తయారైన కరెంటు కొనడానికి మాకైన అదనపు ఖర్చే ఆ సర్దుబాటు చార్జీ, అది మీరే భరించాలి. కట్టకపోతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజులు పీకేస్తాడు.”

“గేసు రేటు మేం పెంచినామేటి?” గ్రేసీ అరిచింది. “అమ్మినోడికి నట్టం రాకూడదు, మా ఇల్లు సీకటైపోవచ్చా?”

“కట్టం! కట్టం!” అన్నారు జనం.

మా ఆయన యూనియన్ మైకు అందుకుని నినాదమివ్వబోయాడు. మోచేత్తో పొడిచాను. జేబులోంచి ఫ్యూజు తీశాడు.

“లైన్‌మన్ పని మీకంటే ముందే నాను సేసీసినాను. రేటు పెంచినోల్లనొదిలీసి, పిండి రుబ్బుకున్నదాని కూడు లాగీసినాను. తప్పు నాదే.”

“ఇనబళ్లేదు బాబూ,” అంది చిలకమ్మ, ఫ్యూజు అందుకుని గేటుకి అడ్డంగా చతికిలబడుతూ.

దారి వదలమని అధికారి కేకలేస్తున్నాడు. మేమంతా ఆమె పక్కన కూచున్నాం.

“తప్పు నాదే!” అన్నాడు మా ఆయన గట్టిగా.

నినాదానికి బదులు పలికినట్టే అందరం గొంతెత్తాం.

“తప్పు మాదే!”